తుపాకిపెట్టెకు తాళము

గోదావరి పడవవారి పాటలను ధ్వనిముద్రణ చేయుటకై మేము మొన్న వేసవిలో పోలవరము వెళ్ళియుంటిమి. ఎండ చల్లబడువరకు పడవ కదలదని తెలిసి, సైన్యములో పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దమనిషి యొకరు మమ్ములను తమ ఇంటికి తీసికొనిపోయిరి. భోజనములైన పిదప మాటలు ఏటియొడ్డు చేలలో పడు అడవిపందులపైకిని, వానినుండి తుపాకులపైకిని మరలినవి. వారికి లైసెన్సు గల రివాల్వరు ఒకటి కలదు. "అది ఎక్కడ పెడతానో మా ఇంటావిడకి కూడా తెలీదండి" అని వారు కొంత గర్వముతోనే పలికిరి.

మా మైక్రోఫోను తీగను చేతికి చుట్టుకొని ఆడుచున్న వారి మనుమడు, తొమ్మిదేండ్లవాడు, తల ఎత్తకుండగనే అందుకొనెను: "నాకు తెల్సండి. బీరువా పై అరలో, తాతగారి శాలువా మడతలో ఉంటదండి. తాళంచెవేమో దేవుడి గూట్లో, ఎంకన్నబాబు పటం ఎనకాల."

కొంతసేపు ఎవ్వరును మాటలాడలేదు. పిమ్మట ఆ పెద్దమనిషి మావైపు తిరిగి, "రేడియోలో నాలుగు విషయాలు తెలిసినవారు మీరు. వేలు పెడితే తెరుచుకునే పెట్టెలు వచ్చాయంటన్నారు. నాకు అవసరమైనప్పుడు గబుక్కున తెరుచుకోవాలి, వీడికి మాత్రం తెరుచుకోకూడదు. ఏది కొనమంటారో చెప్పండి" అని అడిగిరి.

ఆనాడు మేము సూటిగా సమాధానము చెప్పలేకపోతిమి. తిరిగివచ్చిన పిదప చదివియు, తాళముల సంగతి ఎరిగినవారిని విచారించియు గ్రహించినదే ఈ ప్రసంగము. తుపాకి గల ఇండ్లు మన శ్రోతలలో కొలదిగనే ఉండును. అయినను నగలపెట్టెకును, మందుల అలమారుకును ఇందలి సంగతులు చాలవరకు వర్తించును గనుక తక్కినవారును చదువవచ్చును.

చట్టమును గూర్చి రెండు మాటలు చెప్పి ముందునకు సాగెదము. 1959 నాటి ఆయుధముల చట్టము, దాని ననుసరించి 2016లో వెలువడిన నిబంధనలు నేడు అమలునందున్నవి. 2019 నాటి సవరణచే ఒకరు సాధారణముగా ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గెను. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగెను. లైసెన్సు కోరువారు ఆయుధమును భద్రముగా వాడుటయందును ఉంచుటయందును శిక్షణ పొందవలెనని 2016 నిబంధనలు చెప్పుచున్నవి. ఆయుధము పోయినచో తక్షణమే సమీపపు పోలీసు ఠాణాలో తెలుపుట లైసెన్సు షరతులలో నొకటి. అయితే బజారులోని పెట్టెలలో ఏది మంచిదో ఎంచుకొనుట గృహస్థుని వంతే.

పోలవరము మన్యమునకు గుమ్మము. ఆయుధమును ఎచ్చట, ఎట్లు ఉంచవలెనను ప్రశ్నకు ఈ గుమ్మమునకు ఆవల పెద్ద చరిత్రయే కలదు. అల్లూరి సీతారామరాజుగారు తిరుగుబాటునకు పూర్వమే ప్రభుత్వపు అనుమానమునకు గురియైయుండగా, పోలవరములో డిప్యూటీ కలెక్టరుగా నుండిన ఫజులుల్లా ఖాన్ గారు వారియందు విశ్వాసముంచి, పైడిపుట్టలో నివసించుటకు వీలు కల్పించిరి. ఆ పిమ్మట జరిగినది అందరెరిగినదే. 1922 ఆగస్టు 22న రాజుగారి దళము చింతపల్లి ఠాణాపై పడి 11 తుపాకులను, 1,390 గుళ్ళను తీసికొనెను. మరునాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. ఆ మరునాడు రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 గుళ్ళు. మూడు దినములలో మూడు ఠాణాలు, 26 తుపాకులు. చింతపల్లిలో ఏమేమి తీసికొనిపోవుచున్నారో ఠాణా పుస్తకములో వ్రాసి రాజుగారు సంతకము కూడ చేసిరి.

మేము ఈ కథను వీరగాథగనే విని పెరిగితిమి; నేటికిని మా మనస్సున అది వీరగాథయే. కాని ఒక్క క్షణము ఠాణా తలుపునకు లోపలినుండి చూడుడు. పుస్తకములో తుపాకుల లెక్క సరిగానే ఉన్నది. వచ్చిన చేతిని ఆపునది మాత్రము లేకపోయెను. అదే సంవత్సరము అక్టోబరు 15న అడ్డతీగలపైనను, 19న రంపచోడవరముపైనను రాజుగారు దాడి చేసిరి. అప్పటికి ప్రభుత్వము మేలుకొనినది. ఆయుధములను ముందుగనే తప్పించియుంచుటచే ఆ రెండుచోట్లను వారికి తుపాకులు దొరకలేదు.

ఈ రెండు మాసముల వృత్తాంతములో మా పోలవరపు మిత్రుని ప్రశ్న అంతయు ఇమిడియున్నది. ఆగస్టులో ఆయుధములు ఠాణావారి చేతికి అందుబాటున ఉన్నవి. ఆ కారణముననే పరుల చేతికిని అందినవి. అక్టోబరులో పరుల చేతికి అందలేదు. కాని ఆ ఘడియలో ఠాణావారి చేతికిని అవి అందవు. చేరువనుంచిన వస్తువు పరులకును చేరువయే. దూరముంచినది మనకును దూరమే. త్వరగా తెరుచుకొను తుపాకిపెట్టె అనునది ఈ చిక్కును విడదీయుటకు మానవుడు చేసిన ప్రయత్నము. అది యజమానిని గుర్తింపవలెను, తక్కిన వారినందరిని నిరాకరింపవలెను. ఈ రెండును చీకటిలో, నిద్రకంటితో, వణకు చేతులతో జరుగవలెను. ప్రకటనలు సామాన్యముగా మొదటి గుణమునే పొగడును: రెండు సెకన్లలో తెరుచుకొనునట, ఒక్క స్పర్శ చాలునట. నిరాకరించు గుణమును గూర్చి అచ్చువేయుట తక్కువ. కొనువారు తమంతట విచారింపవలసినది ఆ రెండవదానినే.

మామూలు తాళంచెవి గల పెట్టెతో ఆరంభింతము. తాళము ఎంత మంచిదైనను తాళంచెవిని ఎక్కడనో ఒకచోట ఉంచవలెను గదా. మన ఇండ్లలో దాచు చోటులు ఎన్ని? దేవుని గూడు, పోపులపెట్టె, తలగడక్రింద, బియ్యపు డబ్బా, గడియారము వెనుక. పిల్లవాడు వేసవి సెలవులలో ఒక్క మధ్యాహ్నము శ్రద్ధగా వెదకినచో ఇవి అన్నియు తేలును. తాళంచెవిని మొలత్రాటికో మెడలోని గొలుసునకో కట్టుకొని తిరుగువారు ఉన్నారు. అట్టివారికి తాళంచెవి పెట్టె చాలును, అధికవ్యయము అనవసరము. అంతటి నియమము మాకైతే లేదు. మీకున్నదో లేదో మీరే ఎరుగుదురు.

తరువాతిది మీటల మీద అంకెలు నొక్కి తెరచు విద్యుత్ పెట్టె. బజారులో ఎక్కువగా కానవచ్చునది ఇదే. దీని లోపల జరుగు పనిని కొంచెము వివరింపవలెను, ఏలయన లోపమంతయు అచ్చటనే ఉన్నది. గడియ కదలకుండ ఒక చిన్న ఇనుపకడ్డీ అడ్డు నిలిచియుండును. దానిని ఒక స్ప్రింగు తన స్థానమున నిలుపుచుండును. చుట్టును రాగితీగ చుట్ట ఉండును. సరియైన అంకెలు నొక్కినప్పుడు బ్యాటరీనుండి విద్యుత్తు ప్రవహించి, చుట్ట అయస్కాంతమై, కడ్డీని లోనికి లాగును. గడియకు దారి కలుగును. దీనికే సొలినాయిడ్ అని పేరు. పని తేలిక, ఖరీదు తక్కువ. కాని ఆ కడ్డీని నిలుపునది ఒక చిన్న స్ప్రింగు మాత్రమే. పెట్టెను కడ్డీ కదలు దిక్కున గట్టిగా కుదిపినచో, బస్సు ఆగునపుడు ప్రయాణికులు ముందునకు తూలినట్లు, కడ్డీ క్షణకాలము తూలును. ఆ క్షణమున పిడి త్రిప్పినచో పెట్టె తెరుచుకొనును. అంకెలతో పని లేదు.

ఇది ఊహ కాదు. 2012లో అమెరికాలో తాళముల పరిశోధకులు బజారులో విరివిగా అమ్ముడుపోవు చిన్న తుపాకిపెట్టెలను కొనితెచ్చి, వానిని కొన్ని అంగుళముల ఎత్తునుండి జారవిడిచి తెరచి చూపిరి. కొన్నింటిని చిన్న బాలుని చేతనే తెరపించిరి. అన్ని పెట్టెలును ఇట్టివి కావు. మోటారు త్రిప్పు గడియ గలవి, కుదుపునకు లొంగకుండ రెండవ అడ్డు గలవి లేకపోలేదు. అయినను బయటనుండి చూచి ఆ తారతమ్యము తెలిసికొనుట కష్టము. అంకెల పలకకు మరి రెండు బలహీనతలు కలవు. ఏండ్ల తరబడి ఒకే నాలుగు మీటలు నొక్కుటచే అవి మాత్రమే అరిగి నిగనిగలాడును. చూచినవారికి అంకెలు తెలిసిపోవును, వరుస మాత్రమే మిగులును. బ్యాటరీ అడుగంటినపుడు తెరచుటకై తయారీదారు ఒక తాళంచెవిని కూడ ఇచ్చును. అనగా వేంకటేశ్వరస్వామి పటము వెనుకకు మరల వచ్చితిమన్నమాట. ఆ తాళపురంధ్రము సాధారణముగా పెట్టెలోని అతి దుర్బలమైన భాగము.

మా మిత్రుడు ప్రత్యేకించి అడిగినది వ్రేలిముద్ర పెట్టెను గూర్చి. వినుటకు ఇది సమస్యకు సంపూర్ణ పరిష్కారమువలె తోచును: మరచిపోవు సంఖ్య లేదు, దొరకిపోవు తాళంచెవి లేదు, తాతగారి వ్రేలు తాతగారిదే. అయితే పోలవరపు రైతు వ్రేలిని గూర్చి యోచింపుడు. రేషను దుకాణమున యంత్రముపై వ్రేలు పెట్టి, ముద్ర పడక, తుడిచి మరల పెట్టి, మరియొక వ్రేలు పెట్టి, విసుగెత్తిన వృద్ధులను చూడనివారు లేరు. మట్టిపనిచేతను వయస్సుచేతను వ్రేలి గీతలు అరిగిపోవును. తడి, చెమట, నూనె కూడ యంత్రమును భ్రమింపజేయును. పగటిపూట దుకాణములో పది నిముషములు ఆలస్యమైనచో బియ్యము ఎక్కడికిని పోదు. రాత్రివేళ పెట్టె ఎదుట పడు ఆలస్యము వేరు. మరి కొందరు తయారీదారులు ఈ విసుగు కలుగకుండుటకై గుర్తించు నియమమును సడలింతురు. యజమానిని నిరాకరింపకుండుటకు సడలించినకొలది పరులను అంగీకరించు అవకాశము పెరుగును. ఈ త్రాసునకు రెండు తట్టలును ఒకేసారి దిగవు.

ఇంతకంటెను గురుతరమైన ఉదంతమొకటి కలదు. 2023 అక్టోబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘము ప్రకటనతో ఫోర్ట్రెస్ సేఫ్ అను సంస్థ తన వ్రేలిముద్ర తుపాకిపెట్టెలను సుమారు 61,000 వెనుకకు పిలిపించెను. నమోదు కాని వ్రేళ్ళకు కూడ అవి తెరుచుకొనుచున్నవని ఫిర్యాదులు వచ్చియుండెను. ఒక పన్నెండేండ్ల బాలుని మరణమును గూర్చిన వ్యాజ్యము కూడ అందులో చేరియున్నది. కారణమేమన: ఆ పెట్టె కర్మాగారమునుండి వచ్చునపుడు ఏ వ్రేలికైనను తెరుచుకొను స్థితిలో వచ్చును. యజమాని తన ముద్రను నమోదు చేసిన పిదపనే అది ఇతరులను నిరాకరింప నారంభించును. నమోదు సరిగా జరిగినదని యజమాని నమ్మియుండి, నిజమునకు జరగనిచో, అతడు వ్రేలు పెట్టినను తెరుచుకొనును, మనుమడు పెట్టినను తెరుచుకొనును. యజమాని తన వ్రేలితో మాత్రమే పరీక్షించును గనుక లోపము బయటపడదు. 2024లో మరికొన్ని సంస్థల పెట్టెలను కూడ ఇట్లే వెనుకకు పిలిచిరి. వ్రేలిముద్ర పెట్టె ఇదివరకే కొనియున్నవారు ఈ ప్రసంగము చదువుట ముగిసిన పిదప చేయవలసిన మొదటి పని, తుపాకిని తీసి వేరుచోట భద్రపరచి, ఖాళీ పెట్టెపై ఇంటిలోని వారందరి వ్రేళ్ళను వరుసగా పెట్టించి చూచుట. పనిమనిషిని, ఎదురింటి పిల్లలను కూడ పిలిచినచో మరియు మంచిది.

ఇక యాంత్రికమైన మీటల తాళము. దీనిలో బ్యాటరీ లేదు, తీగ లేదు. సింప్లెక్స్ అను పేర ప్రసిద్ధికెక్కిన పద్ధతిలో అయిదు మీటలుండును. ఒక్కొక్క మీటను ఒకేసారి వాడవచ్చును, రెండు మూడు మీటలను కలిపి ఏకకాలమున కూడ నొక్కవచ్చును, కొన్నింటిని విడిచిపెట్టవచ్చును. హార్మోనియము మెట్లపై వ్రేళ్ళు పోయినట్లు చీకటిలో స్పర్శచేతనే తెరువవచ్చును. పది దినములు అభ్యసించినచో సంఖ్య జ్ఞాపకమున ఉండనక్కరలేదు, వ్రేళ్ళకే తెలియును. వరదలకును ఉక్కపోతకును నెలవైన ఏటియొడ్డు ఊళ్ళలో విద్యుత్ పరికరములకంటె ఇది చిరకాలము పనిచేయునని మా నమ్మకము.

అయితే దీని లోపమును దాచరాదు. అయిదు మీటలతో ఏర్పడు అమరికలు మొత్తము 1,082 మాత్రమే. ఒక్కొక్క ప్రయత్నమునకు అయిదు సెకన్లు చొప్పున లెక్కించినచో అన్నియు ప్రయత్నించుటకు గంటన్నర చాలును. సగటున అందులో సగము. పెద్దలు నిద్రించు వేసవి మధ్యాహ్నము గంటన్నరకు తక్కువ ఉండదు. విద్యుత్ పెట్టెలలో చాలవరకు, కొన్ని తప్పుడు ప్రయత్నములైన పిదప తాళము కొంతకాలము పలుకదు. యాంత్రికమైన దానికి అట్టి అలుక లేదు. పూర్వము ఈ జాతి తాళములలో కొన్ని బలమైన అయస్కాంతమునకు లొంగిన ఉదంతములు కూడ కలవు. కనుక ఈ పెట్టెను ఇతరుల కంట పడకుండ, తాళము వేసిన బీరువాలోనో పెద్దలు పరుండు గదిలోనో ఉంచవలెను. రెండు తాళములు గడచిన పిదప గంటన్నర ఓపిక గల బాలుడు అరుదు. లోపములన్నియు ఎంచి చూచినను మేము మా మిత్రునకు సూచించినది దీనినే. దీని లోపము మనకు తెలిసిన లోపము, లెక్కకట్టదగిన లోపము. విద్యుత్ పెట్టె లోపము ప్రమాదము జరిగిన దినమున గాని తెలియకపోవచ్చును.

తాళమును గూర్చి ఇంత చెప్పి పెట్టెను మరచుట సరికాదు. ఇనుపరేకు మందమును గేజి అను సంఖ్యతో కొలుతురు. సంఖ్య తగ్గినకొలది రేకు దళసరి. 16 గేజి అనగా సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు, 12 గేజి సుమారు రెండున్నర. మన ఇండ్లలోని బీరువాల రేకు సామాన్యముగా 20 గేజి ప్రాంతము, మిల్లీమీటరుకు లోపు. తుపాకిపెట్టెకు 14 గేజికి తగ్గరాదని మా అభిప్రాయము. మూతకును పెట్టెకును నడుమ స్క్రూడ్రైవరు మొన దూరు సందు ఉండరాదు. బందులు లోపలివైపున ఉండవలెను. అడుగున మేకులకు రంధ్రములున్నవో లేవో చూడవలెను. గోడకో నేలకో బిగింపని పెట్టెను దొంగ తెరువనక్కరలేదు, చంకనిడుకొని పోవును. తీరికగా సుత్తితోడను ఉలితోడను ఇంటివద్ద తెరచుకొనును. మట్టిగోడకు బిగించిన బోల్టు నిలువదు. ఇటుకగోడకైనను సిమెంటు పూతలో గాక ఇటుకలోనికి దిగునట్లు తాపీమేస్త్రీచేత బిగింపజేయవలెను.

కొలత సంగతి చాలమంది మరతురు. కాన్పూరు ఆయుధ కర్మాగారపు పాయింటు 32 రివాల్వరులు మన దేశమున లైసెన్సుదారులకు పరిచితములు. 2014లో అక్కడ తయారైన 'నిర్భీక్' అనునది అర కిలో బరువుతో చేతిసంచిలో ఇముడునంతటిది. పాతకాలపు పెద్ద రివాల్వరు గలవారు పెట్టె బయటి కొలత చూచి కొని, ఇంటికి వచ్చి మూత పడక చింతించుట కలదు. లోపలి కొలతను అడుగవలెను; లోపల మెత్తని పరుపు ఉన్నచో దాని మందమును తీసివేయవలెను.

కొన్న పెట్టెను ఖాళీగా నాలుగు దినములు పరీక్షింపక తుపాకిని అందులో పెట్టరాదు. మూసిన పెట్టెను మడతపెట్టిన చాపపై జానెడు ఎత్తునుండి ఆరు వైపులను ఒక్కొక్కసారి జారవిడువుడు. ప్రతిసారి పిడిని త్రిప్పి చూడుడు. అరచేతితో పైన గట్టిగా చరచుచు పిడి త్రిప్పుడు. రాత్రి దీపమార్పి ఏబదిమార్లు తెరువుడు. సరియైన సంఖ్యకు ఒక్కమారు తెరుచుకొనకపోయినను, తప్పు సంఖ్యకు ఒక్కమారు తెరుచుకొనినను, దుకాణదారునకు తిరిగి ఇచ్చివేయుడు. ఈ మాట కొనుటకు ముందే అతనితో చెప్పియుంచుట మంచిది. అంగీకరింపని దుకాణము మెట్లు దిగివచ్చుటయే తగును.

ఒక సందేహము మిగిలియున్నది. పెట్టె త్వరగా తెరుచుకొనవలెనని కోరునది అర్ధరాత్రి వచ్చు దొంగను ఉద్దేశించి. ఆ దొంగ వచ్చునో రాడో. మధ్యాహ్నము ఇంటిలో ఆడుకొను మనుమడు మాత్రము ప్రతిదినము ఉన్నాడు. అమెరికాలో 2005లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, తుపాకిని ఖాళీగా ఉంచుట, దానికి తాళము వేయుట, గుళ్ళను వేరుచోట ఉంచుట, ఆ గుళ్ళకును తాళము వేయుట అను నాలుగు అలవాట్లలో ప్రతియొక్కటియు బాలురు ప్రమాదవశమునను, ఆత్మహత్యాప్రయత్నములలోను గాయపడుట తగ్గుటతో కూడియుండెనని తేలినది. రెండవ సంగతిని గూర్చి ఇండ్లలో పెద్దలు మాటలాడుటకు జంకుదురు. పరీక్ష తప్పిన పిల్లవాడు, అప్పుల దుఃఖములో నున్న పెద్దకుమారుడు, వీరి చేతికి ఆ ఘడియ దాటువరకు ఆయుధము అందకుండుట పెట్టె చేయగల మేలులలో మిక్కిలి పెద్దది. ఇంటిలో అట్టి దిగులు కానవచ్చినపుడు పెట్టెను కూడ నమ్మక, తుపాకిని ఇల్లు దాటించుటయే యుక్తము. కావున పిల్లలు గల ఇంటిలో గుళ్ళకు వేరొక పెట్టె, వేరొక సంఖ్య ఉండవలెను. కొన్ని సెకన్లు ఆలస్యమగునని వాదించువారితో మేము వాదింపము. ఆ సెకన్లు మనుమని ఖాతాలో జమ.

పోలవరమువంటి ఊరికి గోదావరి కూడ ఒక లెక్కయే. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ దినములలో దిగువనున్న ఏటియొడ్డు గ్రామముల సంగతి చెప్పనక్కరలేదు. గోడకు బిగించిన పెట్టె నీట మునుగును. ఇల్లు విడిచిపోవువారు తుపాకిని పునరావాస శిబిరములో చేతిసంచిలో పెట్టుకొని తిరుగుట ఇంకను ప్రమాదము. ఎన్నికల దినములలో లైసెన్సుదారులు ఆయుధములను ఠాణాలో అప్పగించి రశీదు పొందుట అలవాటే గదా. వరద హెచ్చరిక రాగానే ఆ ఠాణానో, లైసెన్సు గల ఆయుధ విక్రేతనో ముందుగా విచారించి అట్లే అప్పగించుట మేలు. వరద లేని కాలమున కూడ తేమ ఉండనే ఉండును. మూసిన పెట్టెలో తుప్పు త్వరగా పట్టును. నెలకొకసారి తీసి నూనె గుడ్డతో తుడిచి, మందుసీసాలలో వచ్చు తేమ పీల్చు గుళికల సంచులను నాలుగింటిని లోపల ఉంచినచో చాలును.

మేము ఇవి అన్నియు వ్రాసి పంపిన రెండు మాసములకు ఆ పెద్దమనిషి వద్దనుండి జాబు వచ్చెను. అయిదు మీటల పెట్టె కొని, బీరువా అడుగుననుండి నేలలోనికి నాలుగు బోల్టులతో బిగింపించితిమనియు, గుళ్ళను తమ శ్రీమతిగారి ఇనప్పెట్టెలో ఉంచి ఆ తాళంచెవిని ఆమె కొంగుననే ముడివేయుచున్నారనియు వ్రాసిరి. సంఖ్యను కాగితముపై వ్రాసి, లక్కముద్ర వేసి, రాజమహేంద్రవరములోని బ్యాంకు లాకరులో పెట్టిరట. చివర ఒక ప్రశ్న: "దసరాకి ఆయుధపూజలో రివాల్వరు పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ అండి. ఈ ఏడు ఎట్లాగని మనవడు ఇప్పట్నించే అడుగుతున్నాడు."

ఆనవాయితీని మానుకొననక్కరలేదనియు, గుళ్ళు లేవని రెండుమార్లు చూచుకొని పీటపై పెట్టవలెననియు, హారతి అగువరకు తాము పీట విడిచి లేవరాదనియు బదులు వ్రాసితిమి. తీయునపుడును తిరిగి పెట్టునపుడును ఆ పిల్లవాడు వ్రేళ్ళను చూచుచుండును గనుక, ఆ రాత్రియే సంఖ్యను మార్చుకొనుడని కూడ అడుగున చేర్చితిమి.